షరా గడి

లెక్కలు తెలియవట! జలజకు! ఈ మాట టైపు కొట్టించినవాడి చెయ్యి విరగ అని తిట్టుకుందామంటే, కొట్టించింది లక్ష్మీనరసింహ. హైస్కూల్లో నా పక్కన కూర్చుని నా లెక్కలే చూసి రాసినవాడు, ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో ఆడిటరు, నా దగ్గర ఫీజు కూడా సరిగ్గా పుచ్చుకోనివాడు. వాణ్ణి ఏమని తిట్టను. కాగితం నా చేతిసంచిలో ఉంది, మడత పడకూడదని పంచాంగం మధ్యలో పెట్టాను. తొమ్మిది వరుసల ఇంగ్లీషు. నా భార్య కీర్తిశేషురాలు జలజ లెక్కలు తెలియని గృహిణి అనీ, నా సున్నం పనివాళ్ళ హాజరు పుస్తకం తానే రాసేదనీ, అందులో చౌడప్ప అనే చనిపోయిన మనిషి పేరు మీద నాకు తెలియకుండా కూలి రాస్తూ వచ్చిందనీ, ఆ తప్పుతో నాకు సంబంధం లేదనీ. కింద 'హయగ్రీవ, కాంట్రాక్టరు' అని నా పేరు, దాని మీద సంతకానికి ఖాళీ. లోపలి గదిలోంచి ఇన్‌కంటాక్సు ఆఫీసరు పిలుస్తాడు, నేను పోయి ఆయన ఎదుట ఆ ఖాళీలో సంతకం గీకుతాను, అయిపోయింది. చనిపోయినవాళ్ళ మీద జరిమానా వెయ్యరు కదా. పదకొండుకు రమ్మన్నారు, పదకొండూ ఇరవై అయింది, ఇంకా పిలవలేదు.

ఈ వరండా గోడకు సున్నం కొట్టినవాడెవడో గాని నీలిమందు ఎక్కువ కలిపాడు. కుంచె చారలు ఇక్కడికే కనిపిస్తున్నాయి, కిటికీ పక్కన పెచ్చులు కూడా గీకకుండా దాని మీదే పూసి పారేశాడు. చౌడప్ప చూసుంటే "ఎవుడు సామీ ఈ గోడ కొంప ముంచినోడు" అనుండేవాడు. అదీ నా సంగతి, నెత్తిన కత్తి వేలాడుతున్నా కళ్ళు గోడల మీదే. ఇరవై ఆరేళ్ళుగా బంగారు గని లైన్లలో, కూలీల వరుస ఇళ్ళకు వెల్ల కొట్టించి బతికినవాణ్ణి, మారికుప్పం వైపు పోతే జనం నన్ను పేరు పెట్టి పిలవరు, సున్నాంబు అయ్యరు అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. మా నాన్న తెల్లదొరల కాలంలో టైమాఫీసు గుమాస్తా, కోటు వేసుకుని పోయేవాడు, ఆయన కొడుకు సున్నాంబు అయ్యరు. ఎదురు బెంచీ మీద బియ్యం మండీ ఆయన కూర్చున్నాడు, ఆయనదీ ఏదో నోటీసే. కాని ఆయన వెంట బావమరిది వచ్చాడు, తమ్ముడు వచ్చాడు. బావమరిది కిందికి పోయి సోడా తెచ్చిచ్చాడు, తమ్ముడు పేపరుతో విసురుతున్నాడు. ఆసుపత్రికీ ఆఫీసుకూ ఒంటిగా పోకూడదని మా అమ్మ అనేది. లక్ష్మీనరసింహను రమ్మంటే, "నేను రానప్పా హయగ్రీవా. నేనుంటే నేనే నేర్పించి తెచ్చినానని అనుకుంటారు. నువ్వు ఒంటిగా పో. పెండ్లాం పోయినోడు, పాపం అనుకుంటారు" అన్నాడు. వాడి తెలివి తెల్లారా! ఒంటిగా ఉండడం కూడా నా కేసుకు ఒక సాక్ష్యమే అయింది.

గనిలో దిగేవాడికి యూనియనుంది. ఆఫీసులో గుమాస్తాకు సంఘముంది, ఒకడికి మెమో ఇస్తే పదిమంది గేటు దగ్గర నిలబడి అరుస్తారు. కాంట్రాక్టరుకు ఏముంది? సర్కారు గని కంపెనీని తీసుకున్న తరువాత ప్రతిదానికీ టెండరు వచ్చింది, టెండరుతో కాగితాలొచ్చాయి, కాగితాలతో టాక్సు వచ్చింది. అంతకు ముందు ఫోర్‌మన్ దొర జేబులో చేతులు పెట్టుకుని "ఈ నాలుగు లైన్లు నీవి" అంటే సరిపోయేది. మొదటి ఖాకీ కవరు వచ్చిన రోజు నేను తల పట్టుకుని కూర్చుంటే జలజ దాన్ని తీసుకుని, కూరగాయల కత్తితో చక్కగా చింపి, చదివి, "దీనికింత భయమెందుకండీ, అడిగినాయి రాసి పంపిస్తే సరి" అంది. ఆమె రాసి పంపించింది. తరువాత పదకొండేళ్ళు ఆ కవర్లు వచ్చాయి, చిరిగాయి, వాటికి జవాబులు పోయాయి. ఎప్పుడు వచ్చాయో ఎప్పుడు పోయాయో నాకు తెలియదు. ఆమె పోయాక ఒకటి వచ్చింది. క్యాలెండరు వెనక దోపాను. ఇంకొకటి వచ్చింది, అదీ దోపాను. నాలుగు అయ్యేసరికి క్యాలెండరు బరువుకు మేకుతో సహా ఊడి కింద పడింది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచి, ఇంట్లో ఇంకెవరో ఉన్నారనుకుని "ఏమైందే" అన్నాను. అప్పటికి ఆమె పోయి అయిదు నెలలు.

జలజ రాయల్పాడు అయ్యవారి కూతురు. శ్రీనివాసపురంలో ఎస్సెల్సీ రాస్తే గణితంలో ఆ ఏడు తాలూకాకే మొదటి మార్కు. పెళ్ళిచూపుల్లో మా అమ్మ పాట పాడమంటే, "పాట రాదండి, ఎక్కాలు వస్తాయి" అంది, గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పదమూడో ఎక్కం ఒప్పజెప్పమన్నాను వెటకారంగా. పంతొమ్మిదోది ఒప్పజెప్పింది. ఆమెనా లెక్కలు తెలియనిది? ఈ మాటొక్కటి కొట్టేసి ఇంకేమన్నా రాయరా అని నిన్న అడిగితే, "అదే గదప్పా ముఖ్యం. లెక్క తెలిసి రాసినాదంటే మోసం అవుతాది, తెలియక రాసినాదంటే పొరపాటు అవుతాది. పాము సావల్ల, కట్టె ఇరగకూడదు. పోయినామె ఏమన్నా వచ్చి నిన్ను అడగబోతాదా?" అన్నాడు లక్ష్మీనరసింహ. రాదు. అడగడానికి రాదు. అదే కదా నా ఏడుపు.

"సార్, ఇంగ కొంచేపు. లోపల ఫోన్లో ఉండారు." ఇది ప్యూను రామచంద్ర. మంచివాడు, మా పక్క మనిషే. మంచినీళ్ళు కావాలా అని కూడా అడిగాడు. వద్దన్నాను. నీళ్ళు తాగితే మళ్ళీ లేవాలి, లేచినప్పుడే పిలుస్తారు, నా అదృష్టం అలాంటిది. ఎండ వరండా సగానికి వచ్చింది. కిందినుంచి బజారు రొద, సినిమా వాళ్ళ మైకు బండి, దూరంగా గని మట్టి పోసిన సైనేడ్ దిబ్బల మీదనుంచి వచ్చే తెల్లదుమ్ము. ఇంత దుమ్ములో మా పని రెండేళ్ళు నిలిస్తే గొప్ప. వెల్ల కొట్టిన ఇంటికే మళ్ళీ కొట్టాలి, అందుకే మాకు అన్నం పుట్టింది అనేవాడు చౌడప్ప.

చౌడప్ప ఇరవై ఏళ్ళు గని లోపల పనిచేసి ఛాతీ పాడుచేసుకుని బయటికొచ్చినవాడు. దగ్గు మొదలైతే నిచ్చెన ఊగేది, కాని కుంచె చార గోడ మీద పడనిచ్చేవాడు కాదు. ఆ దగ్గుతోనే పోయాడు, నాలుగేళ్ళయింది. అప్పటికి వాడి పెళ్ళాం హనుమక్క నా దగ్గరే కింద పని చేసేది, సున్నం నానబెట్టడం, బంక కాచడం, నీళ్ళు మొయ్యడం. మా పనిలో వాడుక అది, నిచ్చెన ఎక్కేది మగవాడు, కింద ఉండేది ఆడది. మగకూలి రోజుకు పదకొండు రూపాయలు, ఆడకూలి ఏడు, ఊళ్ళో ఉన్న కాంట్రాక్టర్లందరి పుస్తకాల్లోనూ ఇవే రెండు రేట్లు. దినాలు కాగానే మూడో సోమవారం హనుమక్క పనిలోకి వచ్చింది, మొగుడి కుంచె పట్టుకుని. చీర దోపి నిచ్చెన ఎక్కింది. కింద ఉన్నవాళ్ళంతా నోళ్ళు తెరిచి చూశారు. నేను దిగమని అరవబోయి గోడ చూసి ఊరుకున్నాను. చౌడప్ప కొట్టినట్టే ఉంది. నిచ్చెన కింద నిలబడి ఏళ్ళ తరబడి వాడి చెయ్యి చూసిన మనిషి.

ఆ శనివారం. శనివారం నాలుగింటికి మా ఇంటి వసారాలో కూలి. నేను డబ్బు తెచ్చి జలజ ముందర పెట్టి లోపలికి పోయేవాణ్ణి, గుంపూ గోలా నాకు పడదు. పడక్కుర్చీలో పేపరు. తలుపు తెరిచే ఉండేది. ఆమె ముందర చిన్న బల్ల, హాజరు పుస్తకం, ఇంకు ప్యాడు. ఒక్కొక్కరూ వచ్చి వేలు పెట్టి, ఇంకు తలకు తుడుచుకుని, కూలి తీసుకుని పోయేవాళ్ళు. తలకు తుడుచుకోవద్దని ఆమె పక్కన కొబ్బరినూనె అద్దిన గుడ్డ పెట్టేది. అయినా తలకే తుడుచుకునేవాళ్ళు. ఆ రోజు ఆమె లేచి తలుపు దగ్గరికి వచ్చింది. "ఏమండీ, హనుమక్క నాలుగు దినాలు నిచ్చెన మింద నిలబడి ఆరు ఇండ్లకు కొట్టినాది. ఆడకూలి రాస్తే ఏడే. అది న్యాయమా?" నేను పేపరు దించకుండా, ఆడదాని పేరు మీద పదకొండు రాస్తే మిగిలిన కాంట్రాక్టర్లు రేటు చెడగొట్టినావని నా మీద పడి చస్తారు అన్నాను. తలుపు పట్టుకుని అక్కడే నిలబడింది. "అయితే చౌడప్ప పేరే ఉండనీమా? పని వాడి పనే కదా." "నీ ఇష్టం." "నా ఇష్టం కాదు, మీరు చెప్పండి." "సరే అన్నాను కదా!" అలా అరిచినట్టే అన్నాను. ఆమె పోయి రాసింది. చనిపోయినవాడు ఆ రోజు నుంచి నా దగ్గర పనిలో ఉన్నాడు, ఒక్క నాగా లేకుండా.

నాకు తెలియకుండా అని ఈ కాగితంలో ఉంది. తెలుసు. తెలియకపోవడమేమిటి. కాని ఏం తెలుసు అని అడిగితే కూడా చెప్పలేను. ఆ పుస్తకాలు పదకొండేళ్ళలో ఒక్కసారి తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆమె పోయాక అవి ఒక ట్రంకుపెట్టెలో ఉండేవి, మూత ఎత్తితే ఆమె చేతిరాత కనిపిస్తుందని ఎత్తలేదు. కొత్త పుస్తకం కొని నేనే రాస్తున్నాను, నా కాకికాళ్ళు, చౌడప్ప పేరు నేనూ అలాగే రాస్తున్నాను, అలవాటుగా. లక్ష్మీనరసింహకు ఆ మాట చెబితే కళ్ళు మూసుకున్నాడు. "అది వేరే సంవత్సరం. అడిగినప్పుడు చూస్తాంలే. ఇప్పుడు కేసు ఆమె బతికున్నప్పటిది" అన్నాడు. ఇన్‌స్పెక్టరు టాక్సు ఆఫీసు నుంచి వచ్చి, కవర్లకు జవాబు లేదేమని ట్రంకుపెట్టె అడిగితే తాళంచెవి ఇచ్చి అవతలికి తిరిగి నిలబడ్డాను. ఆయన పుస్తకంలోంచి ఐదు పేర్లు ఏరుకుని లైన్లలో విచారించడానికి పోయాడు. ఐదిట్లో ఒకటి చౌడప్ప. నా అదృష్టం అలాంటిదని చెప్పాను కదా.

తలుపు తీసింది హనుమక్క. చౌడప్ప ఉన్నాడా అని అడిగారట. "ఆయప్ప పొయ్యి నాలుగేండ్లాయె సామీ" అని గోడకున్న పటం చూపించిందట. ఉన్నమాట చెప్పింది, ఆమె తప్పేముంది. వాళ్ళు పుస్తకం తెరిచి, మరి ఈ వేలిముద్ర ఎవరిదని అడిగేసరికి చెయ్యి కొంగులో దాచుకుందట. ఆ సాయంత్రం మా ఇంటికి పరుగెత్తుకుని వచ్చింది, గుమ్మం బయటే కూలబడి ఒకటే ఏడుపు. "సామీ, నేనొచ్చి చెప్పేస్తా. ఆ యేలు నాదేనని చెప్తా. నన్నేం చేస్తారు, ఉరేస్తారా? ఇచ్చిన దుడ్డు వాపసు అడిగితే కుంచె పట్టుకోని తీరుస్తా." వద్దు, నువ్వు రావద్దు, ఆడిటరు చూసుకుంటాడు అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. "అమ్మ ఉండుంటే రమ్మనుండు" అంది. లేచి పోయింది. లక్ష్మీనరసింహ ఏం చెప్పమన్నాడో ఆమెకు నేను చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. అమ్మ మీద పెడతారా సామీ అని అడిగితే నేనేమని చెప్పను.

పెట్టకపోతే? పెట్టకపోతే తెలిసే తప్పుడు పేరు రాయించానని నేనే ఒప్పుకున్నట్టు. ఒక పేరు అబద్ధమైతే పుస్తకమంతా అబద్ధమే అంటారు, పద్నాలుగు మంది కూలీ ఖర్చు కింద చెల్లదని కొట్టేస్తారు, జరిమానా వేస్తారు, కేసున్నవాడికి కంపెనీ మళ్ళీ టెండరు ఇవ్వదు. యాభై నాలుగేళ్ళ వయసులో నేను ఏ ఇంటికి పోయి సున్నం కొట్టమంటారా అని అడగను. పిల్లలు లేరు. పని పోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలో కూడా తెలియదు. ఇప్పుడైతే పొద్దున ఆరింటికి పనివాళ్ళు గేటు తడతారు, "సామీ, ఇంగా లేయలేదా" అని ఎవరో ఒకరు అరుస్తారు. రోజంతా నాతో ఎవరైనా మాట్లాడేది సున్నం గురించే, కాని మాట్లాడతారు. సాయంత్రం ఇంటికొస్తే ఆ మాటా లేదు. అన్నం వండుకుని, పోపు మాడితే నన్ను నేనే తిట్టుకుని, ఆ తిట్టు ఇంట్లో వినబడితే కొంచెం బాగుంటుంది. ఎంత సిగ్గులేని బతుకు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అప్పుడే జలజను ఒక్క మాట వారించి ఉంటే సరిపోయేది. వారించలేదు కదా. సరే అన్నాను కదా. అరిచి మరీ అన్నాను కదా.

సంతకం పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆమెకు తెలియదు. లోకంలో ఎవడికీ తెలియదు, ఈ ఆఫీసు బీరువాలో ఒక ఫైలుకు తప్ప. చచ్చినవాడి కళ్ళు చేరెడు అంటారు, ఎంత పనికిమాలినవాడైనా చచ్చాక పొగుడుతారు. పొగడకపోతే పోనీ. పెళ్ళాం బతికున్నప్పుడు ఒక్క మంచిమాట అనలేదు, చచ్చాక ఇంగ్లీషులో టైపు కొట్టించి తిట్టించాను. ఛీ. అయినా ఇవన్నీ మనసులో అనుకుంటూనే సంచిలో చెయ్యి పెట్టి పంచాంగం తడుముతున్నాను, కాగితం ఉందా లేదా అని. పెన్ను కూడా తెచ్చుకున్నాను. వాళ్ళ పెన్ను రాయకపోతే ఇబ్బంది అని కొత్త రీఫిల్ వేయించి మరీ తెచ్చుకున్నాను.

గని కూత. పన్నెండు. "సార్, రాండి." లేచాను. సంచి తీసుకుని లోపలికి పోయాను.

ఆఫీసరు మలయాళం మనిషి, వచ్చి ఆరు నెలలైందట, నాతో తమిళంలోనే మాట్లాడాడు. మొహం చూస్తే కోపిష్టిలా లేదు, నిద్ర చాలనివాడిలా ఉన్నాడు. బల్ల మీద జలజ పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. ఎర్ర గుడ్డ అట్టలు, అంచులకు ఆమె అంటించిన నీలం కాగితం. ఇన్నాళ్ళ తరువాత వాటిని చూసేసరికి కూర్చోమన్నా కూర్చోవడం మరిచిపోయాను. "మీ ఆడిటరు ఫోన్ చేశాడు, ఏదో కాగితం తెస్తావన్నాడు. దానికి ముందు ఒక సందేహం" అని ఒక పుస్తకం తెరిచి నా వైపు తిప్పాడు. "పేర్లు, అంకెలు అన్నీ ఇంగ్లీషులో ముత్యాల్లాగ ఉన్నాయి. ఈ చివరి గడి మాత్రం తెలుగు. మా ప్యూను తెలుగు మాట్లాడతాడు, కాని చదువుకుంది తమిళం. ఇందులో ఏముందో చదివి చెప్పు." చివరి గడికి పైన 'షరా' అని రాసి ఉంది. ఏ కచేరీ పుస్తకంలోనైనా ఉండేదే, ఎవరైనా సెలవు పెడితే, దెబ్బ తగిలితే, ఏదైనా విశేషం ఉంటే అక్కడ రాస్తారు. మామూలుగా ఖాళీగా ఉంటుంది. జలజ పుస్తకంలో ఖాళీగా లేదు. చీమల బారు లాంటి చిన్న అక్షరాలు, గడి చాలక పక్కకు, కిందికి, పుట అంచు దాకా.

ఆయన వేలు పెట్టింది చౌడప్ప వరుస మీద. వేలిముద్ర పక్కన. నాకు కళ్ళజోడు తీసి పెట్టుకోవడానికి కొంచెం సేపు పట్టింది. చదివాను, లోపల. 'పేరు చౌడప్పది. పని హనుమక్క చేసినాది. వేలు హనుమక్కది. ఆడకూలి రాయడం న్యాయం కాదు కాబట్టి ఇట్ల రాసినాను. ఆయన్ను అడిగినాను. పేపరు చదువుతా సరే అన్నారు.' తేదీ. కింద చిన్నగా ఆమె సంతకం. అంటే దాచలేదు. ఒక్క ముక్క దాచలేదు. ఎవరు వచ్చి అడిగినా కనబడేటట్టు రాసి పెట్టింది, నేను తెరిచి చూడలేదు, వాళ్ళకు చదవడం రాలేదు. ఆఫీసరు నా మొహం వైపు చూస్తున్నాడు. ఆయనకు తెలుగు రాదు. గది మొత్తంలో, బహుశా ఈ మేడ మొత్తంలో, ఆమె రాసింది చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చివరి రెండు వాక్యాలు మింగేస్తే అడిగేవాడు లేడు. హనుమక్కది అన్నచోట ఆపి, పంచాంగంలోంచి కాగితం తీసి ముందర పెడితే రెండూ చక్కగా అతుక్కుంటాయి. లక్ష్మీనరసింహ కూడా ఇంత బాగా అతికించలేడు. నోరు ఎండిపోయింది. నీళ్ళు తాగాల్సింది. నీ ఇష్టం అన్నాను ఆ రోజు. నా ఇష్టం కాదు, మీరు చెప్పండి అంది. తలుపు పట్టుకుని నిలబడి అంది.

చెప్పాను. మొదట తెలుగులో గట్టిగా చదివాను, తలుపు దగ్గర రామచంద్ర కూడా వినేటట్టు. తరువాత ముక్కముక్కా తమిళంలో చెప్పాను, పేపరు చదువుతూ అన్నది కూడా. ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే నీకు తెలుసు."

"తెలుసు సార్. నేనే సరే అన్నాను."

"మరి ఆ కాగితం?"

"ఆ కాగితం తప్పు సార్. మా ఆవిడకు లెక్కలు వచ్చు."

ఆయన ఏదేదో రాసుకున్నాడు. తెలిసే తప్పుడు పేరు రాయించావు కాబట్టి జరిమానా తప్పదన్నాడు, ఎంతో పైవాళ్ళు చెబుతారన్నాడు, కంపెనీకి కూడా కాగితం పోతుందన్నాడు. అన్నిటికీ తల ఊపాను. హనుమక్కను ఏం చేస్తారు సార్ అని అడిగాను. "ఆమెతో మాకేం పని? పని చేసింది, కూలి తీసుకుంది. ఒకసారి వచ్చి ఇది నా వేలే అని చెబితే చాలు" అన్నాడు. రమ్మంటే పరుగెత్తుకుని వస్తుంది. ఆ మాట నాకు ముందే చెప్పింది.

ఆయన రాసుకుంటూ ఉంటే నేను పుట తిప్పాను. తిప్పకుండా ఉండలేకపోయాను. తరువాతి శనివారం, చివరి పేరు కింద, ఎవరి వరుసా కాని చోట. 'పదునాలుగు మందికి ఇచ్చినాను. ఒకొక్కరూ ఒకొక్క మాట మాట్లాడి పోయినారు. ఇంగ వచ్చే శనివారం దాకా ఇంతే.' ఇంకో పుట. 'సినిమాకు పోయి నిద్ర పోయినామని కూలికొచ్చిన సుబ్బడు చెప్పినాడు, నవ్వినాను.' ఇంకొకటి. 'హనుమక్క అడిగినాది, యేమమ్మా మొకం అట్లుండాది అని. తల నొప్పి అన్నాను. తల నొప్పి కాదు. ఎవరన్నా అడిగితే బాగుండునని ఉన్నింది, అడిగినాది, చాలు.' నేను ఆ తేదీ చూశాను. శనివారం. నేను ఇంట్లోనే ఉన్నాను. తలుపుకు ఇవతల, పడక్కుర్చీలో, పది అడుగుల దూరంలో. పిలిస్తే పలికేంత దూరం. పిలవలేదు. ఎన్నిసార్లు పిలిచి మానేసిందో. ఒంటరితనం అంటే ఈ పద్నాలుగు నెలలే అనుకున్నాను, నాకొక్కడికే అనుకున్నాను. ఎంత గుడ్డివాణ్ణి, ఆమె నా ఇంట్లోనే పదకొండేళ్ళు పడింది ఇది.

"అది కూడా కూలి గురించేనా?" అన్నాడు ఆఫీసరు.

"కాదు సార్."

"అయితే అక్కర్లేదు." పుస్తకం వైపు చెయ్యి చాచాడు. నేను వదల్లేదు. పెద్దమనిషిని, యాభై నాలుగేళ్ళవాణ్ణి, పుస్తకం అంచు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇవి నాకు ఎప్పుడు తిరిగిస్తారు అని అడిగాను. కేసు ముగిసిన తరువాత. ఎన్నాళ్ళు? ఏడాది కావచ్చు, రెండేళ్ళు కావచ్చు. నా మొహంలో ఏం కనిపించిందో, గొంతు తగ్గించాడు. ఆఫీసు దాటించడానికి వీల్లేదు గాని అర్జీ రాసిస్తే ఇక్కడే కూర్చుని చూసుకోవచ్చు, మూడు నుంచి నాలుగు దాకా, ఎవరో ఒకరు పక్కన ఉండాలి అన్నాడు. అర్జీకి కాగితం లేదు. పంచాంగంలోంచి లక్ష్మీనరసింహ కాగితం తీసి, తిరగేసి, తెల్లగా ఉన్న వెనక పక్క వచ్చిన ఇంగ్లీషులో రాశాను. నా భార్య రాసిన పుస్తకాలు చదువుకోవడానికి అనుమతి ఇవ్వవలసిందిగా ప్రార్థన. కొత్త రీఫిల్ బాగా రాసింది. సంతకం పెట్టాను.

బయటికి వస్తే బెంచీ ఖాళీ. మండీ ఆయన, బావమరిది, తమ్ముడు అంతా పోయారు. రామచంద్ర నా వెనకే వచ్చి నిలబడి, "ఇంటికి పొయ్యి అన్నం తిని రాండి సార్. మూడు గంటలకి ఇంగా శానా టైముండాది" అన్నాడు. ఇల్లు. తాళం తీసి లోపలికి పోవడం, ఒక్కడికి అన్నం వార్చుకోవడం, మళ్ళీ తాళం వెయ్యడం. వద్దప్పా, ఇక్కడే ఉంటాను, మంచినీళ్ళు మాత్రం కొంచెం ఇయ్యి అన్నాను. తెచ్చిచ్చాడు. గ్లాసు పక్కన పెట్టుకుని, నీలి ఎక్కువైన ఆ గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె పదకొండేళ్ళు కూర్చుంది, నేను మూడింటి దాకా కూర్చోలేనా.